నక్క నాంపల్లి ఇచ్చిన నోటీసు

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో నక్కలకు ఫారాలు ఉండేవి కావు. రాక్షసులకూ ఉండేవి కావు. నక్క మోసం చేసేది, రాక్షసుడు మోసపోయేవాడు, మధ్యలో జనం బతికిపోయేవారు. ఇందులో సర్కారు చేయాల్సిందేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. నెలనెలా జీతం ఇస్తున్నారు కాబట్టి అర్థమైనట్టే సంతకాలు పెడుతున్నాను.

మా జిల్లా సంగతి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. ఇక్కడ కథల్లో ఉండేవాళ్లు కథల బయట కూడా ఉంటారు. బస్టాండు వెనక తుమ్మచెట్లలో నాంపల్లి అనే నక్క ఉంటాడు. ఊరి బయట క్వారీ పక్క గుట్ట మీద గండశిలుడనే రాక్షసుడు ఉంటాడు. మా ముత్తవ్వ చిన్నతనం నుంచీ ఉన్నారు వీళ్లు. ఏడాదికోసారి గండశిలుడు ఊళ్లోకి దిగి ఫలానావాళ్లను తింటానంటాడు. నాంపల్లి వచ్చి ఏదో మాయమాట చెప్పి వెనక్కి పంపిస్తాడు. మళ్లీ ఏడాది దాకా అందరం మర్చిపోయి ఎవరి పనుల్లో వాళ్లం పడతాం.

ఈ ఏర్పాటును పాడుచేసినవి నవలలు. నాలుగేళ్ల కిందట పట్నంలో కొందరు రచయితలు మా నక్క మీద లావుపాటి ఫాంటసీ నవలలు రాయడం మొదలుపెట్టారు. అందులో నక్కకు తోలుకోటు, నల్లకళ్లద్దాలు, వీపున రెండు కత్తులు. రాక్షసుడికేమో చిన్నప్పుడు ఎవరూ ముద్దుచేయలేదని మూడొందల పేజీల దుఃఖం. ఒక్కోటి ఏడేసి భాగాలు. కాలేజీ పిల్లలు నడుముకు తోకలు కట్టుకుని తిరిగారు. మా నాంపల్లికి తోలుకోటు కాదు కదా, ఒంటిమీది బొచ్చే సగం ఊడిపోయింది. ఫోటో దిగుదామని పట్నం నుంచి వచ్చినవాళ్లు అసలు నక్క ఎక్కడుంటుందని అతన్నే అడిగేవారు. అతను దారి చూపించేవాడు, వాళ్లు వెళ్లేవారు.

ఇంత ప్రాచుర్యం ఉన్న రంగానికి ఒక విధానం లేకపోవడం శోచనీయమని పైవాళ్లకు తోచింది. అలా పుట్టింది మా జానపద పాత్రల క్రమబద్ధీకరణ మండలి. డైరెక్టరుగా చక్రధరరావు గారు వచ్చారు. ఆయన అంతకుముందు చేపల శాఖలో ఉండేవారు. సీనియర్ అసిస్టెంటుగా నన్ను, అంటే పరాంకుశాన్ని, వేశారు. నేను అంతకుముందు ఎక్కడున్నానో ఎవరూ అడగలేదు.

మొదటి సమావేశంలోనే డైరెక్టర్ గారు సెలవిచ్చారు. "ఇకమీదట ఈ జిల్లాలో వంచన అనేది పారదర్శకంగా, జవాబుదారీతనంతో, సంబంధిత పక్షాల పూర్తి సమ్మతితో జరగాలి."

దాన్నే ఏడో నియమం కింద అచ్చు వేయించారు. యుక్తి పాత్రలు, అంటే నక్కలు, కుందేళ్లు, తెలివైన ముసలమ్మలు వగైరా, ఎవరినైనా మోసం చేయదలిస్తే పదిహేను రోజుల ముందు మండలికి దరఖాస్తు పెట్టాలి. మోసం వివరాలు ఉన్నవి ఉన్నట్టు రాయాలి. మోసపోబోయే పక్షానికి నోటీసు ఇచ్చి, చదివి అంగీకరించానని వారి సంతకం తేవాలి. అన్నీ మూడు ప్రతులు.

నియమం వచ్చిన మొదటి వారమే ఒక కుందేలు చిరుతపులికి నోటీసు ఇవ్వడానికి స్వయంగా వెళ్లింది. నోటీసు అందినట్టు చిరుతపులి సంతకం మాకు చేరింది. కుందేలు చేరలేదు. నోటీసు బట్వాడా నూరు శాతం విజయవంతమని డైరెక్టర్ గారు పైకి నివేదిక పంపారు.

ఉండబట్టలేక అడిగాను. "సార్, మరి రాక్షసుడి సంగతి?"

"ఆయనలో దాపరికం ఏముందయ్యా? తింటానంటారు, తింటారు. మనం కోరుకునే పారదర్శకత అదే కదా."

అయినా పక్షపాతం అనిపించుకోకూడదని బలం పాత్రలకు పన్నెండో నియమం పెట్టారు. ఏడాదికి ఒక్క మనిషి. తినబోయేవారి పేరు, చిరునామా, గుర్తింపు కార్డు ఫోటో ముందే ఇచ్చి అనుమతి పొందాలి. అనుమతి ఉన్నవారిని తప్ప వేరొకరిని తింటే లైసెన్సు శాశ్వతంగా రద్దు. చదివి చూస్తే ఎంతో కట్టుదిట్టంగా ఉందని అందరూ మెచ్చుకున్నారు. తినడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

మా ఆఫీసు గేటు పక్కనే ఎల్లవ్వ మిర్చిబజ్జీల బండి ఉంది. ఇరవై ఏళ్లుగా ఉంది. పదకొండు కొట్టేసరికి అటెండర్ ఒక ప్లేటు డైరెక్టర్ గారి గదిలోకి తీసుకుపోతాడు. నేను మాత్రం బండి దగ్గరికే వెళ్లి నిలబడి తింటాను. నలుగురు పిల్లల్ని ఆ బాండీ ముందు కూర్చునే పెంచింది ఎల్లవ్వ. మాట గట్టిది, చెయ్యి మెత్తనిది.

ఫిబ్రవరి మధ్యలో ఒకరోజు ఆమె నా టేబుల్ దగ్గరికి వచ్చి ఒక కవరు పెట్టింది.

"సారూ, గీ కాయిదం వచ్చింది. పింఛన్‌దా?"

"కాదు ఎల్లవ్వా."

"మరి దేనిది?"

చదివి వినిపించాను. వచ్చే నెల ఆరో తారీఖు శుక్రవారం పదకొండు గంటలకు శ్రీ గండశిలుడు గారు ఆమెను భుజించుటకు మండలికి ఎట్టి అభ్యంతరమూ లేదని అందులో ఉంది.

ఆమె కుర్చీ కోసం చూడలేదు. నేలమీదే కూర్చుంది. "నన్నెందుకు సారూ? నేనేం జేసిన ఆయనకు?"

"మొన్న నీ బజ్జీలు పార్సిల్ తెప్పించుకున్నారట. ఇంత రుచిగా వండే చేయి తానెంత రుచిగా ఉంటుందోనని దరఖాస్తులో రాశారు."

"నాకు భయమైతాంది సారూ."

"అప్పీలు చేసుకోవచ్చు. విచారణకు అరవై రోజులు పడుతుంది."

"నన్ను తినేది ఇరవై దినాలకేనాయె." కాగితం అడుగున వేలు పెట్టి అడిగింది. "గీ సంతకం నీదేనా?"

నాదే. డైరెక్టర్ గారి సంతకం పక్కన, పరిశీలించబడినది అన్న చోట. నేను రోజుకు వంద కాగితాల మీద అలా పెడతాను, ఒక్కటీ పరిశీలించను. ఆ పొద్దు నాకు నిజంగా సిగ్గేసింది. అవునన్నాను. ఆమె లేచి బండి దగ్గరికి పోయింది, పదకొండు కావస్తోంది కదా మరి.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తాళం తీస్తుంటే మెట్ల మీద నాంపల్లి కూర్చుని ఉన్నాడు.

"సారూ, ఆ మోసం ఫారం ఒకటియ్యి."

"నీకు రాయడం రాదుగా?"

"రాదు. నేను జెప్త, నువ్వు రాయి."

"చూడు నాంపల్లీ, ఇందులో ఒక్క అబద్ధం ఉన్నా దరఖాస్తు కొట్టేస్తారు."

"అబద్ధమెందుకు సారూ? ఉన్నదే రాయి." చెవి గోక్కుని చెప్పడం మొదలుపెట్టాడు. "ఆ శుక్రారం పదకొండు గొట్టంగ, ఎల్లవ్వ బండి కాడ, బాండీ ముంగట, గీ ఫోటోల ఉన్న మనిషి కూసోని బజ్జీలు ఏస్తుంటది. రాక్షసుడు వస్తడు. ఆమెను జూస్తడు. తినకుండ మర్లిపోతడు. అంతే."

ఫోటో చేతికిచ్చాడు. బస్టాండు పక్క స్టూడియోలో ముందురోజు సాయంత్రం తీయించినది. తలకు నూనె పెట్టి దువ్వుకుని, కోడలి పట్టుచీర కట్టుకుని, నవ్వమంటే నవ్వినట్టు కూర్చున్న ఎల్లవ్వ.

"ఇది ఎల్లవ్వే కదయ్యా."

"నేను కాదన్ననా? పేరు రాయమని ఫారంల గడి ఉన్నదా?"

తిప్పి చూశాను. మోసం చేయువారి పేరు, మోసపోవువారి పేరు, స్థలం, సమయం, వివరం, ఫోటో. బాండీ ముందు కూర్చునేవారి పేరుకు గడి లేదు.

"లేదు."

"లేనప్పుడు మనమెందుకు కల్పించాలె?" అని సిరాలో కాలు ముంచి మూడు ప్రతుల మీదా ముద్ర వేసి వెళ్లిపోయాడు.

ఫైలు డైరెక్టర్ గారి ముందు పెట్టేటప్పటికి ఆయన బజ్జీ తింటున్నారు. కిటికీలోంచి చూస్తే ఆ బజ్జీ వేసిన మనిషి కనబడుతోంది. ఆయన ఎన్నడూ కిటికీలోంచి చూసినవారు కారు. ఫైల్లోంచి రెండు ఫోటోలు తీసి పక్కపక్కన పెట్టారు. ఒకటి నాంపల్లి ఇచ్చినది. రెండోది రాక్షసుడి దరఖాస్తుకు జతచేసిన ఎల్లవ్వ బండి గుర్తింపు కార్డు ఫోటో. అది పన్నెండేళ్ల కిందట, ఆమెకు జ్వరం వచ్చిన వారంలో, మున్సిపాలిటీవాళ్లు గోడకు నిలబెట్టి తీసినది. అందులో ఎల్లవ్వ పోలికలు లేవు. నన్నడిగితే మనిషి పోలికలే లేవు.

"పరాంకుశం గారూ, ఇదేం మోసమండీ? కనీసం దూరపు చుట్టరికం కూడా కనబడటం లేదు. ఎల్లవ్వ స్థానంలో ఇంకొకరిని కూర్చోబెట్టదలిచినవాడు కాస్త పోలిక ఉన్న మనిషిని వెతుక్కోవద్దా?"

"వెతుక్కోవాలి సార్."

"మోసం నాణ్యత చాలా తక్కువగా ఉంది. సరే, అది దరఖాస్తుదారు నష్టం, మనది కాదు. మరి ఈవిడ పేరేమిటి?"

"ఫారంలో గడి లేదు సార్."

ఆయన క్షణం ఆలోచించి, ఎర్ర సిరాతో ఫోటో కింద 'ప్రత్యామ్నాయ మహిళ' అని రాసి సంతకం పెట్టారు. పైన గుండ్రటి ముద్ర కొట్టారు. "రెండు ఫోటోలకూ పోలిక లేదని మీరూ ఒక నోట్ పెట్టండి."

పెట్టాను. ఈసారి మాత్రం రెండు ఫోటోలూ బాగా పరిశీలించే పెట్టాను. పోలిక నిజంగానే లేదు.

సమ్మతి పత్రం మీద సంతకానికి గండశిలుడు గారు స్వయంగా వచ్చారు. నవలలు వచ్చినప్పటి నుంచీ ఆయన విజిటింగ్ కార్డు కూడా వేయించుకున్నారు. ఆయన కోసం రెండు కుర్చీలు కలిపి వేశాం, రెండూ విరిగాయి. నోటీసు చదివి గుట్ట దొర్లినట్టు నవ్వారు.

"ఓయీ పరాంకుశమా, ముందుగా తెలిపి మోసగించువానిని నా ఆయువులో ఎరుగను. పాపము, ముసలి నక్క. సమ్మతింపకున్న నా ఔదార్యమునకు లోటు కదా." సంతకం పెట్టి డైరెక్టర్ గారి వైపు తిరిగారు. "ఒకవేళ పొరపాటున ఆ ప్రత్యామ్నాయ మహిళను భుజించితినేని?"

"లైసెన్సు రద్దవుతుందండీ. పైగా తమరిని ఈ ఏటి ఉత్తమ పారదర్శక పాత్ర పురస్కారానికి సిఫారసు చేసి ఉన్నాం. అదీ పోతుంది."

పురస్కారం మాట వినగానే రాక్షసుడి ముఖం మారింది. "బాల్యమున నన్నెవరూ మెచ్చుకొనలేదు," అన్నారు గద్గదంగా. నోటీసు ప్రతి ఒకటి అడిగి తీసుకుని మడతపెట్టి జాగ్రత్తగా మొలలో దోపుకున్నారు.

శుక్రవారం వచ్చింది. పదిన్నరకే గేటు ముందు జనం. డైరెక్టర్ గారికి కుర్చీ, గొడుగు. నా చేతిలో ఫైలు. నాంపల్లి కరెంటు స్తంభం కింద కాళ్లు చాపుకుని పడుకున్నాడు. ఎల్లవ్వ పట్టుచీర కట్టుకుని బాండీ ముందు కూర్చుంది. మిరపకాయలు పిండిలో ముంచి నూనెలో వేస్తూనే ఉంది. ఆపితే ఏడుపొస్తుందని పొద్దున నాతో చెప్పింది.

పదకొండుకు గండశిలుడు గారు వచ్చి బండి ముందు నిలబడ్డారు. ఎండ పోయి ఆ గేటంతా నీడ అయింది.

"నీవు ఎల్లవ్వవా?"

"అవును," అంది ఎల్లవ్వ. "నేనే ఎల్లవ్వను. ఇరవై ఏండ్ల సంది ఈడనే ఉన్న."

ఆ మాట అనమని నాంపల్లి చెప్పాడో, ఆమెకే అబద్ధం నోట రాలేదో నాకిప్పటికీ తెలియదు. రాక్షసుడు మాత్రం వేలు ఊపుతూ నవ్వారు. "నేను నోటీసు చదివియే వచ్చితిని తల్లీ. నీవు ప్రత్యామ్నాయ మహిళవు." అంటూనే ప్లేటులోంచి ఒక బజ్జీ తీసి నోట్లో వేసుకున్నారు. నమలడం ఆపారు. మళ్లీ నెమ్మదిగా నమిలారు. "అయితే ఈ రుచి ఆ రుచియే."

ఎల్లవ్వ జల్లిగంటె కింద పెట్టేసి కళ్లు మూసుకుంది. రాక్షసుడు నా వైపు వంగారు. ఆయన ఊపిరికి ఫైల్లో కాగితాలు లేచాయి. "చెప్పుము పరాంకుశమా. ఈమె ఎల్లవ్వయా, కాదా?"

నేను ధైర్యవంతుణ్ని కాను. పాతికేళ్ల సర్వీసులో ఒక్క ఫైలు మీద కూడా నా అభిప్రాయం రాసినవాణ్ని కాను. ఫైలు తెరిచి, గుండ్రటి ముద్ర కనబడేట్టు పట్టుకుని, అక్కడున్నదే చదివాను. "రికార్డు ప్రకారం బాండీ ముందున్నది ప్రత్యామ్నాయ మహిళ అండీ. డైరెక్టర్ గారు ధ్రువీకరించారు."

డైరెక్టర్ గారు వెంటనే లేచారు. తన సంతకాన్ని ఎవరైనా శంకిస్తే ఆయన భరించలేరు. ప్లేటులోంచి బజ్జీ తీసి కొరికారు, ఆకాశం వైపు చూస్తూ నమిలారు. "నేను రోజూ ఎల్లవ్వ బజ్జీలు తినేవాణ్ని. ఇది ఆమె చేతిది కానే కాదు. ఎల్లవ్వ వాము ఇంకాస్త వేస్తుంది."

మండలి మాట, ముద్ర, పైన వాము. రాక్షసుడికి ఇంక సందేహం లేకపోయింది. అసలు ఎల్లవ్వను వెతుకుతానని మార్కెట్ వైపు వెళ్లారు. సాయంత్రం దాకా ఊరంతా వెతికి, ఎల్లవ్వ బండి దగ్గరే రెండోసారి ఆగి మంచినీళ్లు అడిగి తాగి, గుట్టెక్కిపోయారు.

కథ అయిపోయిందనుకున్నాను. మార్చి నెలాఖరు ఇంకా మిగిలే ఉందని మర్చిపోయాను. ఇచ్చిన ప్రతి అనుమతీ మార్చి ముప్పై ఒకటిలోగా వినియోగమైనట్టు ధ్రువపత్రం పంపాలి. లేకపోతే వచ్చే ఏటికి మండలే ఉండదు.

డైరెక్టర్ గారు రాక్షసుణ్ని పిలిపించారు. "మీరు ఎల్లవ్వను తిన్నట్టేనా?"

"తినలేదు కదా."

"వినియోగించని అనుమతి ఉన్నవారికి పురస్కారం ఇచ్చే వీలు లేదండీ."

గండశిలుడు గారు కలం అడిగారు. మూడు ప్రతుల మీదా, భుజించితినని, తృప్తి చెందితినని రాసి సంతకం పెట్టారు. ఈ మోసానికి ముందస్తు నోటీసు అక్కర్లేదా అని నేను ఏడో నియమం తీసి చూశాను. అది యుక్తి పాత్రలకు మాత్రమే వర్తిస్తుంది.

అలా ఎల్లవ్వ కాగితాల్లో చనిపోయింది. పింఛను ఆగింది. బండి కార్డు రద్దయింది. కొత్త కార్డు 'ప్రత్యామ్నాయ మహిళ' పేరు మీద, పట్టుచీర ఫోటోతో వచ్చింది. అన్నీ సరిచేయిద్దామా అని ఆమెను అడిగాను.

"నేను బతికున్నట్టు రాస్తే ఆయన మల్ల వస్తడు గద సారూ. పింఛన్ పోతే పాయె, పాణమైతే ఉన్నది."

నాంపల్లికి కూడా ఒక మెమో వచ్చింది. ఎల్లవ్వ యథావిధిగా భుజింపబడినందున, మంజూరైన మోసం జరగలేదని, దరఖాస్తుదారు మండలి సమయం వృథా చేశాడని, పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలని. చదివి వినిపిస్తే తోక ఊపాడు. "నేను పుట్టినకాడికెళ్లి చేసిన మోసాలన్ని కలిపినా గా ధ్రువపత్రమంత కావు సారూ. ఏం జేస్తం, నాకు సంతకం రాకపాయె."

ఏప్రిల్ రెండో వారంలో సమావేశ మందిరంలో సభ పెట్టారు. రాక్షసుడికి పురస్కారం, ఎల్లవ్వకు సంస్మరణ, రెండూ ఒకే ఖర్చులో. వేదిక మీద ఆ పన్నెండేళ్ల నాటి కార్డు ఫోటోను గోడంత పెద్దది చేసి దండ వేశారు. పట్నం నుంచి వచ్చిన రచయితలు దాని ముందు తల వంచి నిలబడ్డారు. గండశిలుడు గారు శాలువా కప్పించుకుని, ఎల్లవ్వ రుణం ఎన్నటికీ తీర్చుకోలేనని కన్నీళ్లు పెట్టుకున్నారు. సభికులకు ఫలహారం ప్రత్యామ్నాయ మహిళ దగ్గరే ఆర్డరిచ్చారు.

ఎల్లవ్వ గంప దించి చివరి వరుసలో నా పక్కన నిలబడింది. ముందువరుస దాకా ప్లేట్లు వెళ్లాయి. డైరెక్టర్ గారు ఒక బజ్జీ కొరికి, సగంలో పక్కన పెట్టేసి, మైకు ముందుకొచ్చారు.

"ఎందరో వస్తారు, బాండీ పెడతారు, బజ్జీలు వేస్తారు. కాని ఎల్లవ్వ చేతి రుచి ఇక మనకు దొరకదు. అంత కమ్మటి బజ్జీ నా జీవితంలో తినలేదు."

అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఎల్లవ్వ కూడా కొంగు భుజం మీదికి లాక్కుని, దండ వేసిన ఫోటో వైపు చూస్తూ చేతులు కట్టుకుని నిలబడింది. మౌనం అయ్యాక ఖాళీ గంప ఎత్తుకుంటూ నా చెవి దగ్గర మెల్లగా అంది.

"రోజు తిన్నడు సారూ. నేను బతికున్నప్పుడు మంచిగున్నయని ఒక్కపారి అనకపాయె."